91 పర్సంటైల్ వచ్చింది, ఏ కాలేజీలకు అప్లై చేయాలి?

కోదాడ పక్క పల్లె నుంచి వచ్చి, కూకట్‌పల్లి హాస్టల్లో ఉంటూ ఐటీ కంపెనీలో పనిచేస్తున్న 25 ఏళ్ల పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. పేరు వద్దన్నారు. ఆయన పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం చదివారు. పదిలో 9.5 గ్రేడు, ఇంటర్లో 95 శాతం, బీటెక్‌లో 70 శాతం. రెండున్నరేళ్లుగా ప్రొడక్షన్ సపోర్టులో ఉన్నారు, వారం విడిచి వారం నైట్ షిఫ్టు. ఎంబీఏ ప్రవేశాల కోసం రెండోసారి రాసిన క్యాట్‌ పరీక్షలో మొత్తం 91.3 పర్సంటైల్ వచ్చింది. విడివిడిగా చూస్తే క్వాంట్స్ (లెక్కలు)లో 97.6, డేటా ఇంటర్‌ప్రిటేషన్-లాజికల్ రీజనింగ్‌లో 88, వెర్బల్ (ఇంగ్లిష్)లో 66.

కోచింగ్ సెంటర్లో కౌన్సిలర్ 14 కాలేజీల పేర్లు రాసిచ్చి "ఇవన్నీ నీ స్కోరుకు వచ్చేవే" అన్నారట. అందులో గురుగ్రామ్‌లోని ఎండీఐ నుంచి, ఎప్పుడూ పేరు వినని కాలేజీల దాకా ఉన్నాయి. అన్నింటికీ పెడితే ఫారాలకే పాతిక వేల దాకా అవుతుంది. బావగారేమో "ఇవన్నీ ఎందుకు, ఇంకో రెండేళ్లాగి ఐఎస్‌బీకి (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) రాయి" అంటున్నారు. అమ్మ పెళ్లి మాట ఎత్తుతున్నారు. నాన్నకు ఊళ్లో ఎరువుల దుకాణం, నాలుగెకరాల పొలం ఉన్నాయి. "ఎకరం అమ్మైనా చదివిస్తా" అన్నారట. ఫైనాన్స్ అంటే ఇష్టమని, చిన్నప్పటి నుంచి దుకాణంలో ఖాతా పుస్తకం తనే రాసేవాణ్నని చెప్పారు. ఉత్తరం చివర "మేము బీసీ-డి. ఓబీసీ సర్టిఫికెట్ లేక క్యాట్ ఫారంలో జనరల్ అని పెట్టేశాను" అని ఒక్క వాక్యం రాశారు. ఈ పద్నాలుగింటిలో వేటికి పెట్టాలి, వేటిని వదిలేయాలి అన్నది ఆయన ప్రశ్న.

మీ ఉత్తరంలో అన్నింటికంటే బరువైన మాట ఆ చివరి వాక్యమే. కాలేజీల సంగతి తర్వాత, ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

బీసీ-డి అనేది తెలంగాణ రాష్ట్ర జాబితాలోని గ్రూపు. ఐఐఎంలు, ఐఐటీలు, ఎన్‌ఐటీలు, కేంద్ర విశ్వవిద్యాలయాలు చూసేది కేంద్రం ఓబీసీ జాబితాను. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు మన దగ్గర ఉన్నాయి. అందుకని ముందు జాతీయ వెనుకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్లో తెలంగాణ జాబితా తెరిచి మీ కులం పేరు ఉందో లేదో చూడండి. ఉంటే తర్వాతి ప్రశ్న క్రీమీలేయర్, అంటే ఇంటి ఆదాయం దాటితే ఓబీసీ రిజర్వేషన్ వర్తించని గీత. పరిమితి ఏడాదికి 8 లక్షలు. ఆ లెక్క తల్లిదండ్రులది కాబట్టి మీ జీతం అందులో కలవదు. పొలం మీద వచ్చే ఆదాయం కూడా కలపరు. దుకాణం మీద వచ్చే ఆదాయమే చూస్తారు. మీరు రాసిన దాన్నిబట్టి నాన్నగారి ఆదాయం ఆ గీత దాటేలా అనిపించడం లేదు. అలాగైతే రేపే మీ-సేవలో దరఖాస్తు పెట్టండి. మామూలు కుల ధ్రువీకరణ పత్రం సరిపోదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో, నాన్-క్రీమీలేయర్ అని రాసి, తహసీల్దార్ ఇచ్చే పత్రం కావాలి. అది ఈ ఆర్థిక సంవత్సరంలో తీసుకున్నదై ఉండాలని చాలాచోట్ల అడుగుతారు.

దీనివల్ల ఈ ఏడాది ఐఐఎంల విషయంలో ఏమీ మారదు. క్యాట్ ఫారంలో పెట్టిన కేటగిరీని తర్వాత మార్చనివ్వరు. మనసుకు కష్టంగానే ఉంటుంది, కానీ దాని వెంట పడి టైమ్ పోగొట్టుకోకండి. ఐఐటీల మేనేజ్‌మెంట్ విభాగాలు, ఎన్‌ఐటీలు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మాత్రం తమ సొంత ఫారాలు నింపించుకుంటాయి, అక్కడ కేటగిరీ మళ్లీ అడుగుతారు. క్యాట్‌లో జనరల్ అని ఉండి మా ఫారంలో ఓబీసీ అని పెట్టొచ్చా అని ప్రతి అడ్మిషన్ ఆఫీసుకూ ఒక మెయిల్ రాసి, జవాబు దాచుకోండి. ఒప్పుకున్న చోట 27 శాతం సీట్లలో మీరు పోటీ పడతారు. కౌన్సిలర్ ఇచ్చిన జాబితాలో ఈ సంగతి లెక్కలోకి వచ్చినట్టు లేదు. మీరు జనరల్ అని చెప్పి ఉంటారు, ఆయన దానికి తగ్గట్టే రాసిచ్చి ఉంటారు.

ఇప్పుడు స్కోరు చూద్దాం. 2024లో క్యాట్ రాసినవాళ్లు సుమారు 2.93 లక్షలు. అంతమందిలో 91 పర్సంటైల్ అంటే మీకంటే ముందు దాదాపు 26 వేల మంది ఉన్నట్టు. మీ మార్కు చిన్నదని చెప్పడానికి ఈ లెక్క వేయలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చి, నైట్ షిఫ్టులు చేస్తూ రెండున్నర లక్షల మందికి పైగా దాటడం మాటలు కాదు. కాకపోతే జనరల్‌లో కొత్త ఐఐఎంల కాల్స్ (ఇంటర్వ్యూ పిలుపులు) కూడా సాధారణంగా 93, 94 పైనే మొదలవుతాయి. మీరు ఇంకో సంగతి కూడా చూడాలి. చాలా కాలేజీలు మొత్తం పర్సంటైల్‌తో పాటు ఒక్కో విభాగానికీ విడిగా కటాఫ్ పెడతాయి. జనరల్‌కు అది 70 చుట్టుపక్కల ఉండటం మామూలే. మీ 66 అక్కడే ఆగిపోతుంది. క్వాంట్స్‌లో ఇంకో నాలుగు లెక్కలు ఎక్కువ చేసి మొత్తం 94కి తెచ్చినా అలాంటి కాలేజీలు మిమ్మల్ని పిలవవు. కాబట్టి "91కి ఏ కాలేజీ వస్తుంది" అని ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలు చూడటం మానేసి, ప్రతి కాలేజీ అడ్మిషన్ పేజీలో వెర్బల్‌కు విడిగా కటాఫ్ ఉందా అని వెతకండి. మీ పద్నాలుగింటిలో కొన్ని ఇక్కడే రాలిపోతాయి. ఎండీఐ మీ స్కోరుకు బాగా పైన ఉంటుంది, ఆ ఫారం డబ్బు మిగుల్చుకోండి.

మిగిలినవాటిలో ఒక్కో పేరు ముందూ ఆగి మిమ్మల్ని మీరు ఇలా అడగండి: మిగతా అన్నిచోట్లా రాక, ఈ ఒక్క కాలేజీలోనే సీటు వస్తే, ఉద్యోగం మానేసి ఇంత అప్పు చేసి ఇందులో చేరతానా? "ఏమో, చూద్దాం" అనిపిస్తే ఆ ఫారం కొనొద్దు. సేఫ్టీ కోసం పెట్టుకున్న కాలేజీల విషయంలో ఇది మరీ ముఖ్యం. చేరడం ఇష్టం లేని కాలేజీ వల్ల సేఫ్టీ ఏముంటుంది? ఏప్రిల్లో చేతిలో అదొక్కటే ఉంటే చుట్టూ ఉన్నవాళ్లు "వచ్చింది కదా, చేరిపో" అంటారు. అప్పటికి అలసిపోయి ఉంటారు కాబట్టి మీరూ చేరిపోతారు. ఇలా చేరి, రెండేళ్ల తర్వాత పాత జీతానికి అయిదారు వేలు ఎక్కువ వచ్చే ఉద్యోగంలో ఉన్నవాళ్ల ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే అప్పు లెక్క కళ్ల ముందు ఉండాలి. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో చాలావాటి ఫీజు 15 లక్షలు దాటుతుంది. 15 లక్షల లోన్ తీసుకుంటే, చదివిన రెండేళ్లూ ఆ తర్వాతి మారటోరియం (కిస్తీ కట్టక్కర్లేని) నెలలూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. కిస్తీలు మొదలయ్యే నాటికి అది 18 లక్షల దాకా అయిందనుకోండి. 10 శాతం వడ్డీకి ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 30 వేలు కట్టాలి. పదేళ్లు పెట్టుకుంటే 24 వేలు. ఇప్పుడు ఆ కాలేజీ ప్లేస్‌మెంట్ రిపోర్టు తెరవండి. యావరేజ్‌ను పక్కనపెట్టి మీడియన్ చూడండి, అంటే సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థి జీతం. పై పది మందికి వచ్చిన పెద్ద ప్యాకేజీలు యావరేజ్‌ను లాగేస్తాయి, మీడియన్‌ను అంతగా కదిలించలేవు. బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నారు, ప్లేస్‌మెంట్లకు ఎంతమంది కూర్చున్నారు, మిగతావాళ్లు ఏమయ్యారు అనేవి కూడా చూడండి. సీటీసీ (కంపెనీ చెప్పే ఏడాది మొత్తం ప్యాకేజీ)లో బోనస్‌లు, ఇన్సెంటివ్‌లు తీసేస్తే నెలనెలా చేతికొచ్చేది ఎంతో చూడండి. రిపోర్టు ఐపీఆర్‌ఎస్ (ప్లేస్‌మెంట్ లెక్కలు చూపే ఉమ్మడి ప్రమాణం) పద్ధతిలో ఆడిట్ అయి ఉంటే నమ్మకం ఎక్కువ. బ్యాచ్ సంఖ్య, మీడియన్ రెండూ లేకుండా "హైయెస్ట్ ప్యాకేజీ" ఒక్కటే పెద్దక్షరాల్లో వేసిన కాలేజీని నేనైతే జాబితాలోంచి తీసేస్తాను.

నాన్నగారి ఎకరం జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. మంచి కాలేజీలో సీటు వస్తే తనఖా లేకుండానే లోన్ దొరికే దారులున్నాయి. ఎస్‌బీఐ స్కాలర్ లోన్‌కు కాలేజీల జాబితా ఉంటుంది. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో ఎంపిక చేసిన సంస్థల్లో చేరేవాళ్లకు పూచీ, తనఖా లేకుండా లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు లోన్‌పై మారటోరియం కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మీ జాబితాలోని ప్రతి కాలేజీ ఈ రెండింటిలో ఉందో లేదో చూడండి. తనఖా లేకుండా అప్పివ్వడానికి బ్యాంకే వెనకాడుతున్న కాలేజీ కోసం మీ నాన్న పొలం ఎందుకు అమ్మాలి? ఈ మాట ఆయనతో మీరే చెప్పండి. "ఎకరం అమ్మైనా" అని ఆయన ప్రేమతో అన్నారు. మీరు బ్యాంకు కాగితాలతో వెళ్లి "అమ్మక్కర్లేదు నాన్నా" అంటే ఆయనకు ఎంత ఊరటగా ఉంటుందో ఊహించగలను.

ఇక పేర్లు. నేనైతే ముందు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని స్కూల్ ఆఫ్ మేనేజ్‌మెంట్ స్టడీస్ రాసుకుంటాను. ఎంబీఏలోకి క్యాట్ స్కోరుతోనే పిలుస్తారు, ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోల్చలేనంత తక్కువ, డిగ్రీ కేంద్ర విశ్వవిద్యాలయానిది. ఓబీసీ పత్రం చేతికొస్తే మీ అవకాశం ఇంకా బాగుంటుంది. పెద్ద జీతాల కంపెనీలు ఐఐఎంలకు వెళ్లినన్ని అక్కడికి రావు, అది తెలిసే పెట్టండి. కిస్తీ భారం లేకుండా బయటికి రావడం మీ ఇంటి పరిస్థితికి పెద్ద బలం. దాని తర్వాత ఖరగ్‌పూర్, రూర్కీ, కాన్పూర్, ధన్‌బాద్ ఐఐటీలు, వరంగల్, తిరుచ్చి ఎన్‌ఐటీలు. ఐఐటీల్లో జనరల్‌గా మీరు అంచున ఉంటారు, ఓబీసీగా అవకాశం పెరుగుతుంది. ఇంజినీరింగ్ చదివి క్వాంట్స్‌లో 97 తెచ్చుకున్నవాళ్లు అక్కడి చదువులో ఇబ్బంది పడరు.

ప్రైవేటువాటిలో గోవా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్, మణిపాల్‌లోని టాప్మీ, చెన్నైలోని లీబా మీ స్కోరుకు తగినవే. ఢిల్లీ ఐఎంఐ, ఘాజియాబాద్ ఐఎంటీ, భువనేశ్వర్ ఎక్స్‌ఐఎంబీ కాస్త పైన ఉంటాయి. వీటిలో ఒకటో రెండో, అదీ వెర్బల్ కటాఫ్ అడ్డు రాకపోతేనే. ఇక్కడ పేర్ల దగ్గర జాగ్రత్త అవసరం. ఘాజియాబాద్ ఐఎంటీ వేరు, శంషాబాద్ వైపున్న హైదరాబాద్ ఐఎంటీ వేరు. ఢిల్లీ ఐఎంఐ వేరు, అదే పేరుతో భువనేశ్వర్‌లో ఉన్నది వేరు. ఒకే క్యాంపస్‌లో కూడా కోర్సును బట్టి కటాఫ్, ఫీజు, వచ్చే కంపెనీలు మారిపోతాయి. "ఫలానా కాలేజీలో సీటొచ్చింది" అనిపించుకోవడానికి ఇష్టం లేని స్పెషలైజేషన్‌లో చేరొద్దు. హైదరాబాద్‌లోనే ఉండాలనుకుంటే 1964 నుంచి ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ కూడా చూడండి. వీటిలో కొన్నింటికి గడువు క్యాట్ ఫలితాల కన్నా ముందే ముగుస్తుంది, కొన్నింటికి జనవరి చివరిదాకా ఉంటుంది. ఈ వారంలోనే తేదీలు ఒకచోట రాసి పెట్టుకోండి.

మీ జాబితాలో ఒక పేరు లేకపోవడం నాకు వెలితిగా అనిపించింది. గుజరాత్‌లోని ఆనంద్‌లో 1979లో వర్గీస్ కురియన్ మొదలుపెట్టిన ఇర్మా. ఇప్పుడది త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయంలో భాగం. గ్రామీణ మేనేజ్‌మెంట్‌కు దేశంలో దానికున్న పేరు వేరు. మీరు ఖాతా పుస్తకం గురించి ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. జూన్‌లో రైతు అప్పు మీద బస్తాలు తీసుకెళ్లడం, పంట చేతికొచ్చాక డబ్బు కట్టడం, వానలు పడని ఏడాది ఆ పేజీలు అలాగే నిలిచిపోవడం, ఆ మధ్య నెలల్లో మీ నాన్న డీలరుకు సర్ది చెప్పుకోవడం, ఇవన్నీ మీరు కళ్లారా చూశారు. ఫైనాన్స్ పుస్తకాల్లో వర్కింగ్ క్యాపిటల్, క్రెడిట్ రిస్క్ అని చెప్పేది సరిగ్గా దీన్నే. ఎరువులు, విత్తనాల కంపెనీలు, గ్రామీణ రుణాలిచ్చే బ్యాంకులు ఈ అనుభవం ఉన్నవాళ్ల కోసం వెతుకుతాయి. ఇర్మాకు వెళ్లినా వెళ్లకపోయినా, ఎంబీఏ ఎందుకని ఇంటర్వ్యూలో అడిగితే "లీడర్‌షిప్ స్కిల్స్" అని మొదలుపెట్టకుండా ఇది చెప్పండి. ఆ పుస్తకంలోంచి ఒక్క సీజన్ లెక్క తీసి, ఎంత అప్పు పోయింది, ఎంత వెనక్కొచ్చింది, ఎన్ని నెలలు పట్టింది అని చూసుకుని వెళ్లండి.

ఈ లెక్కన ఆరేడు ఫారాలకు మించి అక్కర్లేదు. ఇందులో ఎక్కడ సీటొచ్చినా చేరతానని మీరు అనుకోగలగాలి. కన్సల్టెన్సీల నుంచి "50 వేలు కట్టి సీటు బ్లాక్ చేసుకోండి" అని ఫోన్లు వస్తాయి, మాట్లాడకుండా ఫోన్ పెట్టేయండి. ఎక్కడైనా ముందు ఫీజు కట్టాల్సి వస్తే రీఫండ్ నిబంధనలు చదివి కట్టండి. ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోకూడదు.

మళ్లీ క్యాట్ రాయడం గురించి మీరు అడగలేదు. రెండుసార్లు రాసి విసిగిపోయారని అర్థమవుతోంది. అయినా మీ విషయంలో దాన్ని పక్కన పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. మీ కులం కేంద్ర జాబితాలో ఉంటే, వచ్చే నవంబరులో ఇదే 91 తెచ్చుకున్నా మీ ముందు తలుపులు వేరుగా ఉంటాయి. గంభీరంలోని విశాఖ ఐఐఎంతో సహా కొత్త ఐఐఎంల కాల్స్‌ను ఓబీసీలో ఆశించవచ్చు. వెర్బల్ 66 నుంచి 80కి వెళ్తే ఇంకా పైకి చూడొచ్చు. మొత్తం 68 ప్రశ్నల్లో వెర్బల్‌వి 24, వాటిలో 16 పాసేజీ చదివి జవాబు రాసేవి. గ్రామర్, కష్టమైన పదాల జాబితాలు పెద్దగా అక్కరకు రావు. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఎడిటోరియల్, ఒక పెద్ద వ్యాసం చదివి, రచయిత చెప్పిందేమిటో తెలుగులోనైనా సరే రెండు వాక్యాల్లో చెప్పుకోవడం అలవాటు చేసుకుంటే ఎనిమిది నెలల్లో తేడా కనిపిస్తుంది. ఇంకో ఏడాది ఆగితే చేరేనాటికి అనుభవం నాలుగేళ్లకు దగ్గరవుతుంది. అదేమీ నష్టం కాదు గానీ, కొన్ని కాలేజీలు మూడేళ్లకు మించిన అనుభవానికి అదనపు మార్కులివ్వవు. పైగా అదే సపోర్టు పని, అవే నైట్ షిఫ్టులు ఇంకో ఏడాది భరించాలి. నిద్ర, ఆరోగ్యం ఎలా ఉన్నాయో మీకే తెలుసు. ఆగాలనుకుంటే కంపెనీలోనే పగటి షిఫ్టు ఉన్న ప్రాజెక్టుకు మారే ప్రయత్నం ముందు చేయండి.

మీ కులం కేంద్ర జాబితాలో లేదని తేలితే లెక్క మారుతుంది. అప్పుడు మళ్లీ రాయడం వల్ల వచ్చే లాభమంతా వెర్బల్ మీదే ఆధారపడి ఉంటుంది. సెంట్రల్ యూనివర్సిటీ, ఇర్మా, గోవా లాంటి చోట్ల సీటొస్తే ఈ ఏడాదే చేరిపోవడం మేలని నా అభిప్రాయం. రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష టీజీ ఐసెట్‌లో మీ బీసీ-డి రిజర్వేషన్ మామూలుగానే వర్తిస్తుంది కాబట్టి, ఉస్మానియా క్యాంపస్ ఎంబీఏను కూడా అప్పుడు గుర్తు పెట్టుకోండి.

బావగారు చెప్పింది తప్పు కాదు. ఐఎస్‌బీ మంచి చోటే. అది ఇప్పటికే ఒక రంగంలో నిలదొక్కుకుని పై మెట్టు ఎక్కాలనుకునేవాళ్లకు బాగా పనికొస్తుంది. జీమ్యాట్ లేదా జీఆర్‌ఈ రాయాలి, ఏడాది కోర్సుకు ఖర్చు 40 లక్షల దరిదాపుల్లో ఉంటుంది. సపోర్టు పనిలోనే ఇంకో రెండేళ్లుండి దానికి వెళ్లాలంటే మీ ప్రొఫైల్లో ఈలోగా ఏదో మారాలి. ఏం మారుతుందో బావగారినే అడగండి, ఆయన దగ్గర మంచి జవాబుంటే వినండి. అమ్మకు మాత్రం ఒక తేదీ చెప్పండి. "తర్వాత చూద్దాం" అనే మాటే ఆమెకు టెన్షన్. "జూన్‌లోపు ఎక్కడ చేరేదీ తేలిపోతుంది, అప్పుడు మాట్లాడుకుందాం" అంటే ఆమె చుట్టాలకు చెప్పుకోవడానికైనా ఒక మాట ఉంటుంది.

చివరగా రాజీనామా గురించి. ఫలితాలు చాలావరకు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి, క్లాసులు జూన్‌లో మొదలవుతాయి. మీ కంపెనీలో నోటీసు పీరియడ్ 90 రోజులైతే ఆ రెండింటికీ పొసగదు. ముందుగా వదిలే వీలుందా, మిగిలిన రోజులకు డబ్బు కట్టించుకుంటారా అని హెచ్‌ఆర్ పాలసీలో ఇప్పుడే చూసుకోండి. ఇంటర్వ్యూ బాగా జరిగిందని ముందే కాగితం పెట్టేయకండి. కాలేజీ ఆఫర్ లెటరు, బ్యాంకు శాంక్షన్ లెటరు రెండూ చేతికొచ్చిన రోజు మేనేజర్‌తో మాట్లాడండి.